ఫిసల్‌బండ నుంచి శంషాబాద్ దాకా: ఊరి వెలుగుకి దూరంగా పరుగెత్తిన టెలిస్కోప్‌లు

ఈసారి కాస్త వెరైటీ టాపిక్. మన దగ్గర టెలిస్కోప్‌లని ఎక్కడ దాచారు, ఎలా మోసుకెళ్లారు, అసలు ఎందుకు మోసుకెళ్లాల్సి వచ్చింది. వినడానికి సామాను సర్దుకునే ముచ్చటలా ఉంది కదా? కానీ హైదరాబాద్ ఆకాశం ఎప్పుడెప్పుడు ఎలా మారిందో తెలియాలంటే ఈ సామాను వెంటే వెళ్లాలి.

శంషాబాద్ నుంచే మొదలుపెడదాం. ఎయిర్‌పోర్ట్ దగ్గర కాలనీలో ఉండే కుర్రాడొకడు ఎనిమిది అంగుళాల టెలిస్కోప్ కొన్నాడనుకోండి. మేడ మీద పెడితే చందమామ బ్రహ్మాండంగా కనిపిస్తాడు. శని వలయాలు కనిపిస్తాయి. గురుడి చుట్టూ నాలుగు ఉపగ్రహాలు వరసగా చుక్కల్లా కనిపిస్తాయి. మరి పాలపుంత? లేదు. ఆండ్రోమెడా గెలాక్సీ? ఏదో చిన్న మసక మరక, అంతే. విమానాలు ఆగే చోట ఫ్లడ్‌లైట్లు, ఔటర్ రింగ్ రోడ్డు దీపాలు, గోడౌన్లు, హోటళ్లు అన్నీ కలిసి ఆకాశానికి కింది నుంచి సున్నం వేసినట్టు చేస్తాయి. ఇక మనవాడు ఏం చేయాలి? అన్నీ విప్పాలి, సర్దాలి, కారెక్కించాలి. శ్రీశైలం రోడ్డో, వికారాబాద్ దగ్గర అనంతగిరో పట్టుకోవాలి. తెల్లారేసరికి మళ్లీ విప్పి, మళ్లీ సర్ది ఇంటికి చేర్చాలి.

మనవాడికి ఇది కొత్త. హైదరాబాద్ టెలిస్కోప్‌లకి మాత్రం నూట ఇరవై ఏళ్ల అలవాటు.

దానికంటే ముందు ఒక్కసారి కోస్తాకి వెళ్లొద్దాం, ఎందుకంటే మోయడం అంటే ఏంటో అక్కడ బాగా అర్థమవుతుంది. 1840లోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు తన ఇంట్లో సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. తర్వాత దాన్ని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపారు. వీళ్లకి ఊరు దాటి పోవాల్సిన పనే లేదు. కరెంటు దీపం లేని రోజులు కదా, ఇంటి మీద ఆకాశమే నల్లగా ఉండేది. అప్పట్లో టెలిస్కోప్‌ని ఎవరైనా కదిలించారంటే కారణం దాదాపు ఒక్కటే, గ్రహణం. ఎందుకంటే సంపూర్ణ సూర్యగ్రహణం మనింటికి రాదు. నీడ ఎక్కడ పడుతుందో అక్కడికి మనమే పోవాలి.

1868 ఆగస్టు 18న ఆ నీడ గుంటూరు మీద పడింది. దాని కోసం పియర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్స్ నుంచి వచ్చాడు. గుర్తుపెట్టుకోండి, సూయజ్ కాలువ తెరిచింది 1869 నవంబర్‌లో. అంటే అప్పటికి ఓడ నేరుగా వచ్చే దారి లేదు. యూరప్ నుంచి త్వరగా రావాలంటే అలెగ్జాండ్రియాలో దిగి, సామాను రైలెక్కించి, సూయజ్‌లో ఇంకో ఓడ ఎక్కించాలి. మద్రాసులో ఇప్పుడున్న లాంటి హార్బర్ లేదు. అక్కడ్నుంచి తీరం వెంబడి మచిలీపట్నం. అక్కడేమో సముద్రం మరీ లోతు తక్కువ, ఓడ మైళ్ల దూరంలోనే లంగరు వేస్తుంది. సామాను పడవల్లోకి దించి ఒడ్డుకి తేవాలి. పైగా అది నాలుగేళ్ల క్రితమే, 1864 నవంబర్‌లో, పెద్ద తుఫాను ఉప్పెనకి వేలమందిని పోగొట్టుకున్న ఊరు. గుంటూరుకి రైలు లేదు. దారి అంటే ఎద్దుబళ్లు, కాలువల మీద పడవలు. కాలం ఏమో ఆగస్టు, వానల కాలం. అటువంటి దారిలో గాజు పట్టకాలు, కటకాలు, స్పెక్ట్రోస్కోప్‌లు పగలకుండా రావాలి. స్పెక్ట్రోస్కోప్ అంటే వెలుగుని రంగులుగా విడగొట్టి చూసే పరికరం. లోపల ఒక్క పట్టకం కాస్త పక్కకి జరిగినా అంత దూరం వచ్చిన పని వృథా.

అదే గుంటూరులో మేజర్ టెన్నెంట్ నడిపిన బ్రిటిష్ బృందం కూడా దిగింది. వాళ్లు గ్రహణాన్ని ఫొటోలు తీయడానికి వచ్చారు. అప్పటి పద్ధతిలో గాజు పలక మీద మందు పూసి, అది తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడగాలి. అంటే కెమెరాతో పాటు డార్క్‌రూమ్‌నీ మందు సీసాలనీ కూడా వెంట మోయాలన్నమాట! మనం ఫోన్ జేబులో వేసుకుని పోతున్నాం.

సంపూర్ణ గ్రహణం ఉన్నది ఐదు నిమిషాల పైచిలుకు. సూర్యుడి అంచు మీద ఎగసిపడే మంటల వెలుగుని జాన్సెన్ విడగొట్టి చూశాడు, గీతలు బాగా కాంతిగా ఉన్నాయి. ఇంత కాంతిగా ఉంటే గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అని అతనికి తట్టింది. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఆ తర్వాతి రోజు. గ్రహణం అయిపోగానే అతను సామాను సర్దేయలేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ సూర్యుడి వైపు తిప్పాడు, గీతలు కనిపించాయి. అప్పటిదాకా గ్రహణం రోజున మాత్రమే కనిపించే వాటిని ఇక రోజూ చూడొచ్చు. అటు ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ కూడా విడిగా ఇదే కనిపెట్టాడు. ఇద్దరి ఉత్తరాలూ ప్యారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. హీలియం గుంటూరులోనే దొరికింది అని రీల్స్‌లో చెప్తుంటారు, అది కాస్త ఎక్కువ చేసి చెప్పడమే. ఆ పసుపు గీత మనకి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చే పని లాక్యర్ తర్వాత చేశాడు. భూమ్మీద హీలియం చేతికి చిక్కింది 1895లో.

సరే, ఇప్పుడు హైదరాబాద్. 1901. నవాబ్ జఫర్ జంగ్ అని ఇక్కడి అమీర్లలో ఒకరు. ఉద్యోగరీత్యా శాస్త్రవేత్త కాదు, ఇష్టం కొద్దీ చూసే మనిషి. ఈ రోజుల్లో మనం అమెచ్యూర్ అంటాం. ఆయన గ్రబ్ కంపెనీ చేసిన పదిహేను అంగుళాల రిఫ్రాక్టర్ టెలిస్కోప్ ఒకటి తెప్పించారు. రిఫ్రాక్టర్ అంటే ముందు పెద్ద కటకం, వెనక పొడవాటి గొట్టం. ఆ సైజు కటకం ఉంటే గొట్టం మామూలుగా నాలుగు మీటర్లు దాటి ఉంటుంది. మన కుర్రాడి కారులో సంగతి వదిలేయండి, లారీలో కూడా జాగ్రత్తగానే పడుకోబెట్టాలి. దాన్ని పాతబస్తీ వైపు ఫిసల్‌బండలో తన ఎస్టేటులో పెట్టించి, నిజాం పేరు మీద నిజామియా అబ్జర్వేటరీ అని పేరు పెట్టుకున్నారు.

1907లో జఫర్ జంగ్ చనిపోయారు. ఒక హాబీ మనిషి పోయాక ఆయన సామాను ఏమవుతుంది? ఇప్పటికీ ఇంట్లోవాళ్లకి ఇదే పెద్ద ప్రశ్న. అటక మీదికి పోతుంది, లేదా తూకానికి పోతుంది. ఇక్కడ మాత్రం 1908లో నిజాం ప్రభుత్వమే అబ్జర్వేటరీని తీసుకుంది. ఆర్థర్ చాట్‌వుడ్‌ని డైరెక్టరుగా పెట్టారు. ఆయన హయాంలో అబ్జర్వేటరీ ఫిసల్‌బండ నుంచి బేగంపేటకి మారింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పటికి బేగంపేట అంటే ఊరి బయట.

ఇక్కడో తమాషా ఉంది. నవాబు గారు అంత ముచ్చటపడి తెప్పించిన ఆ పదిహేను అంగుళాల టెలిస్కోప్ బేగంపేటలో నిలబడి సరిగ్గా పనిలోకి దిగింది 1922లో. కొన్నది 1901లో! మధ్యలో ఇరవై ఏళ్లు. కొన్నవాడు పోయాడు, డైరెక్టర్లు మారారు, మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది. కటకం బాగుంటే సరిపోదండీ. దాన్ని మోసే స్తంభం, తిప్పే యంత్రం, పైన తెరుచుకునే గుమ్మటం, తెలిసిన మనిషి, అన్నీ ఒకచోట కుదరాలి. కొత్త టెలిస్కోప్ కొని ఆరు నెలలుగా పెట్టె విప్పనివాళ్లు మరీ సిగ్గుపడక్కర్లేదు.

ఈలోగా బేగంపేటలో పనంతా ఇంకో చిన్న పరికరం మీద జరిగింది. ఎనిమిది అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్. అంటే నక్షత్రాల్ని గాజు పలకల మీద ఫొటో తీసే టెలిస్కోప్. 1887లో ప్యారిస్‌లో ప్రపంచ దేశాల ఖగోళ శాస్త్రవేత్తలు కూర్చుని మొత్తం ఆకాశాన్ని ముక్కలుగా పంచుకున్నారు. ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ. చిలీలోని శాంటియాగోకి ఇచ్చిన పట్టీ పని సాగలేదు. దాన్ని హైదరాబాద్ తీసుకుంది. ఖగోళ మధ్యరేఖకి దక్షిణంగా 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా. ఆ ప్లేట్ల పని 1914లో రాబర్ట్ పోకాక్ డైరెక్టరుగా ఉండగా మొదలైంది. 1918లో ఆయన పోయాక టి.పి. భాస్కరన్ ఆ బాధ్యత తీసుకుని 1944 దాకా నడిపారు. 1919లో అబ్జర్వేటరీ ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. దక్షిణం పట్టీ అయ్యాక జర్మనీలోని పాట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరం పట్టీలో కొంత భాగం కూడా, 36 నుంచి 39 డిగ్రీలు, మనవాళ్లే పూర్తి చేశారు.

ఒక్కో ప్లేటు పదహారు సెంటీమీటర్ల చదరం గాజు ముక్క. అందులో ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక ఆర్క్ నిమిషం. ఆ లెక్కన నిండు చందమామ దాని మీద సుమారు మూడు సెంటీమీటర్లు. అలాంటి గాజు ముక్కలు వందల కొద్దీ. వాటిని హైదరాబాద్ వానల్లో బూజు పట్టకుండా, ఎండాకాలంలో పూత చెడకుండా దాచాలి. ఒక్కో ప్లేటు బయటికి తీసి, ఒక్కో చుక్క ఎక్కడుందో కొలిచి, అంకెలు రాసి, పుస్తకాలుగా అచ్చు వేయాలి. ఎన్నో ఏళ్ల పని. ఎవరూ చప్పట్లు కొట్టని పని.

ఆ అంకెలు ఏమయ్యాయో చెప్తాను. 1990ల్లో యూరప్ వాళ్ల హిప్పార్కోస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాల్ని చాలా కచ్చితంగా కొలిచింది. కానీ ఒక నక్షత్రం ఎంత వేగంగా పక్కకి జరుగుతోందో తెలియాలంటే ఇప్పటి కొలతతో పాటు చాలా పాత కొలత కూడా కావాలి కదా? అమెరికా నావల్ అబ్జర్వేటరీ వాళ్లు ఈ పాత పుస్తకాలన్నిటి అంకెల్నీ మళ్లీ లెక్కకట్టారు. వాటిలో హైదరాబాద్‌వి కూడా ఉన్నాయి. వాటినీ ఉపగ్రహం కొలతల్నీ జోడించి 2000లో టైకో-2 అనే పట్టిక విడుదలైంది, అందులో ఇరవై ఐదు లక్షల నక్షత్రాలు. స్టెల్లేరియం లాంటి ఆకాశం యాప్‌లు ఆ పట్టికనే వాడుకున్నాయి. మీ ఫోన్‌లో ఆ చుక్కలు సరైన చోట కనిపించడం వెనక, బేగంపేటలో గాజు పలకలు జాగ్రత్తగా పెట్టెలో పెట్టిన చేతులు కూడా ఉన్నాయి.

మళ్లీ బేగంపేటకి వద్దాం. ఊరు వచ్చేసింది. 1930ల నాటికి పక్కనే విమానాశ్రయం. తర్వాత ఇళ్లు, రోడ్లు, వీధి దీపాలు, దుమ్ము. ఆకాశం పలచబడిపోయింది. 1944 నుంచి 1960 దాకా డైరెక్టరుగా ఉన్న అక్బర్ అలీ గారు ఇక ఇక్కడ కుదరదని, పెద్ద టెలిస్కోప్ ఒకటి ఊరికి దూరంగా పెట్టాలని ప్లాన్ వేశారు. ఆయన తర్వాత కె.డి. అభ్యంకర్ గారి కాలంలో అది జరిగింది. ఇబ్రహీంపట్నం దాటాక జాపాల్, రంగాపూర్ ఊళ్ల దగ్గర, నగరానికి యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. అమెరికాలో పిట్స్‌బర్గ్‌కి చెందిన ఫెకర్ కంపెనీ చేసిన నలభై ఎనిమిది అంగుళాల టెలిస్కోప్ 1968లో అక్కడ నిలబడింది. అప్పటికి దేశంలో అదే పెద్దది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ జాపాల్-రంగాపూర్ మీదుగానే వెళ్లింది. హైదరాబాద్ నగరం అంచున తప్పిపోయింది. గుంటూరుకి సామాను మోసుకొచ్చిన ముచ్చట చెప్పుకున్నాం కదా, ఈసారి గ్రహణమే అబ్జర్వేటరీ ఇంటికి వచ్చింది. విదేశాల బృందాలు మళ్లీ పెట్టెలు మోసుకుని మన పల్లెలకి వచ్చాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో అమెరికా బృందం తీసిన కరోనా ఫొటో చాలా పేరున్నది. ఇక హైదరాబాద్ వీధులు ఆ మధ్యాహ్నం కర్ఫ్యూ పెట్టినట్టు ఉన్నాయని పెద్దవాళ్లని ఎవర్ని అడిగినా చెప్తారు. తలుపులేసుకుని కూర్చున్నారు. అంత దూరం నుంచి వాళ్లు వచ్చి చూశారు, యాభై కిలోమీటర్ల దూరంలో మనం కిటికీలకి దుప్పట్లు కట్టుకున్నాం.

తర్వాత వెలుగు జాపాల్ వైపు కూడా నడిచింది. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కి మారాయి. చూడండి ఎలా జరిగిందో. బేగంపేటలో టెలిస్కోప్ పక్కకి విమానాశ్రయం వచ్చింది. టెలిస్కోప్ దక్షిణానికి పోయింది. నలభై ఏళ్లకి విమానాశ్రయం కూడా దక్షిణానికే వచ్చింది, వెంట ఔటర్ రింగ్ రోడ్డూ, కొత్త కాలనీలూ. నేను ఎయిర్‌పోర్ట్‌ని తప్పుపట్టట్లేదు, అది లేకపోతే మన చుట్టాలు దుబాయ్ నుంచి ఎలా వస్తారు? దీపాల్ని కిందికి వంచి, పైకి వెలుగు పోకుండా మూత పెట్టే పద్ధతి మాత్రం ఖర్చు లేని పని. దాన్ని మనం ఎందుకు పట్టించుకోమో నాకు అర్థం కాదు. బేగంపేట పాత గుమ్మటం చూడాలంటే ఆ ఆవరణలో ఇప్పుడు సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ అనే సంస్థ ఉంది. దాని అడ్రసులో నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అనే పేరు ఇంకా ఉంది.

నలభై ఎనిమిది అంగుళాల దాన్ని ఇంకోసారి ఎత్తుకుపోలేం. చిన్నవాటిని మాత్రం ఎత్తుకుపోవచ్చు అని ప్రపంచానికి నేర్పినవాడు జాన్ డాబ్సన్. అమెరికాలో వేదాంత సొసైటీ మఠంలో సన్యాసిగా ఉండేవాడు. ఓడ కిటికీల పాత గాజు అరగదీసి అద్దాలు, అట్ట గొట్టాలతో టెలిస్కోప్‌లు చేసి, చక్రాల మీద వీధిలోకి లాక్కెళ్లి దారినపోయేవాళ్లకి చూపించేవాడు. మఠం పనుల టైములో బయట తిరుగుతున్నాడని 1967లో పంపించేశారు. మరుసటి ఏడే, అంటే జాపాల్‌లో పెద్ద టెలిస్కోప్ నిలబడిన 1968లోనే, శాన్ ఫ్రాన్సిస్కోలో సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్ మొదలైంది. మన శంషాబాద్ కుర్రాడి చేతిలో ఉన్నది కూడా చాలావరకు డాబ్సోనియనే.

దాన్ని ఎలా తీసుకెళ్లాలి? ఎనిమిది అంగుళాల గొట్టం సుమారు నాలుగడుగులు. కారు వెనక సీటు మీద దుప్పటి పరిచి, అద్దం ఉన్న బరువు వైపు సీటుకి ఆనించి, రెండు సీట్ బెల్టులూ వేయండి. కింది చెక్క పెట్టె డిక్కీలో. ఐపీసులు స్పాంజి పెట్టిన గట్టి పెట్టెలో, కుర్రాళ్లు కాళ్లు పెట్టని చోట. మన స్పీడ్ బ్రేకర్లు తెలిసినవే కదా, చేరాక అద్దాలు వరసలో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోవాలి, దీన్ని కొలిమేషన్ అంటారు. ఏసీ వేసిన కారులోంచి తీయగానే బయటి తేమ గాజు మీద ఆవిరిలా పడుతుంది. అందుకే చివరి అరగంట ఏసీ ఆపేసి కిటికీలు దించుకోండి.

విమానంలో అయితే కటకాలు, ఐపీసులు చేతి బ్యాగులో పెట్టుకోండి, ట్రైపాడ్ చెక్-ఇన్‌లో వేయండి. పవర్ బ్యాంక్ తప్పనిసరిగా చేతి బ్యాగులోనే, మామూలుగా 100 వాట్-అవర్ దాకా. 160 దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుడు అసలు తీసుకెళ్లకూడదు, కాబట్టి మోటారుకి వాడే పెద్ద బ్యాటరీ ఇంట్లో వదిలేయాల్సిందే. సెక్యూరిటీ స్కానర్‌లో ఆ గొట్టం తేడాగా కనిపిస్తుంది, అడుగుతారు. పది నిమిషాలు ముందు పోయి, ఓపిగ్గా మూత తీసి చూపించండి. ఇంకో మాట. ఆకుపచ్చ లేజర్‌తో నక్షత్రాలు చూపించడం శంషాబాద్ చుట్టుపక్కల మాత్రం వద్దే వద్దు. దిగే విమానంలో పైలట్ కళ్లకి అది తగిలితే ప్రాణాల మీదికొస్తుంది, కేసు కూడా అవుతుంది.

ఇంట్లో దాచడం దగ్గరే చాలామంది టెలిస్కోప్‌లు పాడవుతాయి. చలికాలం వికారాబాద్‌లో మంచు పడిన రాత్రి తర్వాత తడిగా ఉండగానే మూత పెట్టేస్తారు. మూత తీసి, గొట్టం కిందికి వంచి, ఫ్యాన్ గాలి నేరుగా తగలని గదిలో ఆరనివ్వండి. పూర్తిగా ఆరాకే మూత. మేడ మీది రేకుల గది వద్దు, వంటింటి పక్కన అసలే వద్దు, పోపు ఆవిరి అద్దం మీద పొరలా పడుతుంది. గొట్టం రెండు వైపులా మూసి ఉంచండి, లేకపోతే బల్లి గుడ్లు పెడుతుంది, నిజం. కటకం మీద బూజు సాలెగూడులా మొదలవుతుంది, ముదిరితే గాజునే తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఐపీసుల పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు ఉండాలి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమ తాగేశాయని లెక్క. వాటిని వేడిచేసి మళ్లీ వాడొచ్చు గానీ వంట మూకుట్లో మాత్రం కాదు, ఆ నీలం రంగు మందు ఒంటికి మంచిది కాదు. దానికి విడిగా ఒక పాత గిన్నె పెట్టుకోండి. అక్టోబర్‌లో వాన వెనకబట్టాక, అమావాస్య దగ్గరి శనివారం చూసుకుని పెట్టె తెరవండి.